ఎండిపోయే కుంటల విలువ



ఊరి చెరువు అందరికీ తెలిసిందే. దానికి కట్ట ఉంటుంది, తూము ఉంటుంది, అలుగు ఉంటుంది, ఆయకట్టు రైతులుంటారు, రెవెన్యూ రికార్డులో ఒక పేరూ ఒక సర్వే నంబరూ ఉంటాయి. చెరువు దాటి కాస్త ముందుకు వెళ్తే చేల మధ్యన, బండరాళ్ల పక్కన, ఎప్పుడో రోడ్డు కోసం మట్టి తవ్విన చోట చిన్న కుంటలు కనిపిస్తాయి. వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, రెండు మూడు నెలలకు ఇంకిపోతాయి. చాలావాటికి పేరే ఉండదు. ఎండాకాలంలో చూస్తే అది బీడు నేల. ఎవరైనా పది లారీల మట్టి పోసి చదును చేస్తే అడిగేవాళ్లు ఉండరు.

ఈ రోజు ఆ కుంటల గురించీ, వాటిని నమ్ముకుని బతికే కప్పల గురించీ మాట్లాడతాను. ఉభయచరాలను కాపాడాలంటే పెద్ద సరస్సుల కంటే ముందు, ఏడాదిలో సగానికి పైగా ఎండిపోయి ఉండే ఈ చిన్న నీళ్లను కాపాడాలని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

తొలకరితో మొదలుపెడదాం. రోహిణి కార్తె ఎండలకు నెర్రెలిచ్చిన నేల కింద బోదురు కప్ప నెలల తరబడి కదలక మెదలక పడి ఉంటుంది. మృగశిరలో మొదటి గట్టి వాన కురిసి, కుంటలో నీళ్లు నిలిచాయంటే ఆ రాత్రికే బయటికి వస్తుంది. మామూలు రోజుల్లో పచ్చి ఆకు రంగులోనో, మట్టి రంగులోనో ఉండే మగకప్ప ఆ కొద్ది రోజులూ నిగనిగలాడే నిమ్మపండు రంగుకు మారిపోతుంది. గొంతుకు రెండు పక్కలా ముదురు నీలం సంచులు ఉబ్బుతాయి. పదుల కొద్దీ మగకప్పలు ఒకే కుంటలో చేరి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ అరుస్తాయి. జత కట్టడం, గుడ్లు పెట్టడం అంతా కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది. మర్నాడు ఉదయం చూస్తే గట్టు పక్క గడ్డిలో, వేలెడు లోతు నీళ్లలో, నల్లటి చుక్కలున్న జిగురు ముద్దలు తేలుతుంటాయి.

పక్కనే నిండు చెరువు ఉండగా ఈ కప్ప కుంటనే ఎందుకు వెతుక్కుంటుంది? చెరువులో చేపలుంటాయి. కప్ప గుడ్డుకు పెంకు లేదు, ఉన్నదల్లా జిగురు పొర. చేప ఉన్న నీటిలో ఆ గుడ్లూ, అందులోంచి వచ్చే తోకకప్పలూ మిగలడం చాలా కష్టం. ఏటా పూర్తిగా ఎండిపోయే కుంటలో చేప బతకలేదు. అందుకని, మనం లోపంగా చూసే ఆ ఎండిపోవడమే కప్ప పిల్లలకు రక్ష. దానికి ఒక షరతుంది. కుంట ఎండేలోగా తోకకప్పకు కాళ్లు రావాలి, తోక కరగాలి, ఊపిరితిత్తులతో గాలి పీల్చడం అలవాటు కావాలి. మన ప్రాంతపు కప్పల్లో చాలా జాతులకు ఇందుకు నెల నుంచి రెండు నెలలు పడుతుంది.

చెట్టుకప్ప పద్ధతి వేరు. అది నీటిలో గుడ్లు పెట్టదు. నీటి మీదికి వంగిన కొమ్మనో, గడ్డి దుబ్బునో, నీళ్ల తొట్టి గోడనో పట్టుకుని, తన ఒంట్లోంచి వచ్చే ద్రవాన్ని వెనక కాళ్లతో చిలికి నురగ తీస్తుంది. కోడిగుడ్డు తెల్లసొన బాగా గిలక్కొడితే ఎలా పొంగుతుందో అలా ఉంటుందది. ఆ నురగ లోపల గుడ్లు. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు తోకకప్పలు తయారై నురగ మెత్తబడగానే ఒక్కొక్కటే కింద నీళ్లలోకి జారిపడతాయి. అప్పటికి కింద నీళ్లుండాలి. ఉంటాయన్న లెక్క మీదే ఆ తల్లి ఆ కొమ్మను ఎంచుకుంది.

ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. వాతావరణ మార్పు అనగానే మనకు ఎండలు గుర్తొస్తాయి. కప్పకు ఎండ కంటే పెద్ద చిక్కు వాన కురిసే తీరు మారడం. మధ్య భారతంలో విస్తారంగా కురిసే కుంభవృష్టులు 1950 నుంచి 2015 లోపు దాదాపు మూడింతలయ్యాయని 2017లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. మొత్తం వాన ఎంత కురిసిందన్న అంకె ఒక్కటే చూస్తే ఏడాది బాగానే ఉందనిపించవచ్చు. ఆ వాన ఎన్ని రోజుల్లో కురిసిందన్నదే రైతుకైనా కప్పకైనా ముఖ్యం. రెండు రోజులు కుండపోత, తర్వాత మూడు వారాల బెట్ట. మెట్ట రైతు విత్తనం మొలిచి మాడిపోతుంది. అదే మూడు వారాల్లో కుంటలో నీరు తగ్గి తగ్గి, తోకకప్పలు మధ్యలో మిగిలిన బురదలోకి చేరి, అక్కడే కుప్పగా ఎండిపోతాయి. బెట్ట వచ్చిందని రైతు గోడు పేపర్లో పడుతుంది, పడాలి కూడా. కుంటలో ఏం జరిగిందో చూసేవాళ్లు లేరు.

తోకకప్పలు తమ చేతనైనంత చేస్తాయి. నీరు తగ్గుతోందని పసిగట్టి పెరుగుదల తొందర చేసుకునే గుణం చాలా జాతులకు ఉంది. అలా తొందరపడి బయటికొచ్చిన కప్ప పిల్ల చిన్నగా ఉంటుంది. చిన్న ఒంట్లో తడి త్వరగా ఆవిరైపోతుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా ఆ తడి చర్మం గుండానే జరుగుతుంది. చర్మం ఆరిందంటే దాహమూ, ఆయాసమూ ఒకేసారి మొదలవుతాయి.

గుంట ఎండితే ఒక జాతికి జాతే ఏమైపోగలదో మధ్య అమెరికాలోని కోస్టారికా దేశం చూసింది. అక్కడ మాంటెవెర్డె అనే కొండ మీద, ఎప్పుడూ మబ్బు కమ్ముకుని ఉండే అడవిలో, కొద్ది చదరపు కిలోమీటర్ల మేర మాత్రమే ఒక కప్ప ఉండేది. మగది మెరిసే నారింజ రంగు. దాన్ని బంగారు కప్ప అనేవారు. ఏటా వానలు మొదలయ్యే వేళ కొద్ది రోజులు మాత్రమే చెట్ల వేళ్ల మధ్యన నిలిచిన చిన్న చిన్న గుంటల దగ్గరికి చేరేది. 1987లో మార్తా క్రంప్ అనే శాస్త్రవేత్త ఆ గుంటల దగ్గర కూర్చుని పదిహేను వందలకు పైగా కప్పల్ని చూశారు. పది గుంటల్లో సుమారు 43,500 గుడ్లు లెక్కకు వచ్చాయి. ఆ ఏడు ఎల్‌నినో ప్రభావంతో వానలు సరిగా లేవు, గుంటలు వెంటవెంటనే ఎండాయి. వారం దాటేసరికి మిగిలిన తోకకప్పలు 29. మరుసటి ఏడు కొండంతా వెతికితే పది కప్పలు కనిపించాయి. 1989లో ఒక్కటే మగకప్ప. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. 2004లో అది అంతరించిపోయిందని ప్రకటించారు. దాని అంతానికి కారణం కరువా, చర్మవ్యాధా, రెండూ కలిసా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య నేటికీ ఉంది. ఎండిన గుంటల్లో పోయిన ఆ వేల గుడ్ల విషయంలో మాత్రం చర్చ లేదు.

ఇప్పుడు ప్రపంచం మొత్తం పరిస్థితి చూద్దాం. 8,011 ఉభయచర జాతుల్ని పరిశీలించి 2023 అక్టోబరులో నేచర్ పత్రికలో ఒక నివేదిక వేశారు. ప్రతి ఐదు జాతుల్లో రెండు ముప్పులో ఉన్నాయి. క్షీరదాల్లోగానీ పక్షుల్లోగానీ ఇంత పెద్ద వాటా ముప్పులో లేదు. 2004కు ముందు పాతికేళ్లలో కప్పలకు ప్రధాన శత్రువులు వ్యాధీ, ఆవాసాల నాశనమూ. 2004 నుంచి 2022 దాకా దిగజారిన జాతుల్లో 39 శాతానికి వాతావరణ మార్పే ప్రధాన కారణమని ఆ నివేదిక చెబుతోంది. ఆవాసాల నాశనం 37 శాతంతో పక్కనే ఉంది. కుంట పూడ్చిన మట్టీ, వేళ తప్పిన వానా చేసే నష్టం ఇప్పుడు దాదాపు సరిసమానమన్నమాట. ఊళ్లో ఉన్న నాలుగు కుంటల్లో మూడు పూడ్చేస్తే, నాలుగోది బెట్టకు ఎండిన ఏడు ఆ ఊరి కప్పకు మరో దారి ఉండదు. నాలుగూ ఉంటే, లోతులో తేడాల వల్ల ఏదో ఒకటైనా గట్టెక్కిస్తుంది. రుతుపవనాన్ని మన ఊరు దిద్దలేదు, కుంటల్ని నిలుపుకోగలదు.

వ్యాధి సంగతి కూడా చెప్పాలి. కైట్రిడ్ అనే సూక్ష్మ శిలీంధ్రం కప్ప చర్మాన్ని పట్టి, లవణాల సమతుల్యం దెబ్బతీసి, గుండె ఆగిపోయేలా చేస్తుంది. ప్రపంచంలో 501 జాతులు దాని వల్ల తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించి ఉంటాయని 2019లో లెక్క కట్టారు. మన దేశంలోనూ ఆ శిలీంధ్రం ఉంది. అదృష్టవశాత్తూ కప్పలు మూకుమ్మడిగా చనిపోయిన దాఖలాలు ఇక్కడ లేవు. దాన్ని పసిగట్టే మెరుగైన పరీక్షను హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. ఆస్ట్రేలియాలో ఒక మంచి ఉపాయం కూడా పుట్టింది. చిల్లుల ఇటుకలకు నల్లరంగు వేసి, చిన్న గాజు గదిలా కట్టిన దాని కింద పేర్చి ఎండలో ఉంచారు. జబ్బుపడిన కప్పలు తమంతట తామే వెళ్లి ఆ వెచ్చటి చిల్లుల్లో దూరాయి. వేడికి శిలీంధ్రం చచ్చింది, కప్ప కోలుకుంది. అంతేకాదు, కోలుకున్న కప్పకు ఆ జబ్బును తట్టుకునే శక్తి పెరిగింది. మెక్వారీ విశ్వవిద్యాలయం వాళ్ల ఈ ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇటుకలతో అయ్యే పని కాబట్టే దీన్ని ఇంత వివరంగా చెప్పాను.

కప్ప లేకపోతే మనిషికి ఏమవుతుందన్న ప్రశ్నకు కోస్టారికా, పనామాల్లో ఒక జవాబు దొరికింది. శిలీంధ్రం వల్ల కప్పలు పోయిన జిల్లాల్లో, ఆ తర్వాత కొన్నేళ్ల పాటు మలేరియా కేసులు పెరిగాయి. తీవ్రంగా ఉన్న సమయంలో ఏటా వెయ్యి మందికి దాదాపు ఒక కేసు అదనం. 2022లో ఈ సంగతి బయటపెట్టారు. తోకకప్పలు దోమ గుడ్లను తింటాయని శ్రీలంకలో చేసిన ప్రయోగాలు చూపించాయి. బోదురు కప్ప పిల్లలైతే దోమ లార్వాలను వేటాడి తింటాయి. మనం మాత్రం దోమల కోసమని గంబూసియా చేపల్ని కుంటల్లో వదులుతున్నాం. అవి పరాయి దేశం నుంచి తెచ్చిన చేపలు. దోమ లార్వాతో పాటు కప్ప గుడ్లనూ, తోకకప్పలనూ తింటాయి. సిమెంటు తొట్టిలో, కట్టేసిన ఫౌంటెన్‌లో వదిలితే వదలండి. ఊరి కుంటలో వదలొద్దని ఆరోగ్య సిబ్బందిని నేను చేతులు జోడించి అడుగుతున్నాను. దోమను తినే స్థానిక సైన్యాన్ని మనమే చంపించుకుంటున్నాం.

పొలంలో కప్ప ఏం చేస్తుందో మన ప్రభుత్వానికి ఒకప్పుడు బాగానే తెలిసొచ్చింది. కప్ప కాళ్లను విదేశాలకు టన్నుల కొద్దీ ఎగుమతి చేసిన దేశం మనది. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళన పెరిగాక 1987లో ఆ ఎగుమతిని పూర్తిగా నిషేధించారు. మంచి నిర్ణయం. అయితే కప్పను పట్టకుండా ఆపాం గానీ, కప్ప పుట్టే చోటును వదిలేశాం.

చట్టాలు ఇక్కడ ఏం చెబుతున్నాయో చూడండి. ఉపగ్రహ చిత్రాల సాయంతో అహ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2011లో జాతీయ చిత్తడి నేలల అట్లాసు తెచ్చింది. అందులో 2,01,503 చిత్తడి నేలలకు హద్దులు గీశారు. 2.25 హెక్టార్లు, అంటే అయిదున్నర ఎకరాల కంటే చిన్నవి 5,55,557 ఉన్నాయని తేలింది. పెద్దవాటికి రెండున్నర రెట్లకు పైగానే. వాటిని పటం మీద చుక్కలుగా పెట్టారు. 2017లో సుప్రీంకోర్టు ఆ 2,01,503 చిత్తడి నేలలకు రక్షణ కల్పించమని ఆదేశించింది. చుక్కలు చుక్కలుగానే మిగిలాయి. అదే ఏడాది వచ్చిన కేంద్ర చిత్తడి నేలల నియమాల్లో వరిపొలాలనూ, సాగునీటి కోసమో తాగునీటి కోసమో మనుషులు కట్టిన జలాశయాలనూ నిర్వచనం నుంచే తప్పించారు. కొల్లేరు సరస్సుకు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు ఉంది, మంచిదే. కానీ తెలుగు నేలలో నీరు నిలిచే చోట్లలో అత్యధికం మన పూర్వీకులు కట్ట వేసి నిలిపినవి. అవన్నీ ఆ నియమాల బయట ఉండిపోయాయి. వాటికి నీరు, భూమి, చెట్ల చట్టమైన వాల్టా లాంటి రాష్ట్ర చట్టాలున్నాయి. అవి నీటిని నీటిగానే చూస్తాయి, అందులో పుట్టే ప్రాణిని చూడవు.

మనం మంచి ఉద్దేశంతో చేసే పనుల్లోనూ కప్పను మరచిపోతున్నాం. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయ తలపెట్టారు. పూడిక మట్టి పొలాలకు చేరింది, నీటి నిల్వ పెరిగింది. నేను దాన్ని తప్పుపట్టను. యంత్రంతో తవ్వేటప్పుడు అంచును నిటారుగా కోసేస్తే మాత్రం, గడ్డి మొలిచే లోతులేని ఒడ్డు పోతుంది. కప్ప గుడ్డుపెట్టేది ఆ ఒడ్డులోనే. చెరువు చుట్టూ ఒక్క వైపైనా వాలుగా వదిలేయమని పొక్లెయిన్ నడిపే మనిషికి చెబితే చాలు, పైసా ఖర్చు లేదు. పంట కుంటలకు పరిచే ప్లాస్టిక్ పట్టా సంగతీ అంతే. అందులో పడిన కప్ప ఆ నున్నటి గోడ ఎక్కలేక ఈది ఈది చనిపోతుంది. పాత గోనెపట్టానో, ముళ్లు లేని కొమ్మనో అంచు నుంచి నీళ్లలోకి వేలాడదీసి, పైన రాయి పెడితే అదే దానికి మెట్టు. వరిమడిలో గుళికలు చల్లే రైతుకు నేను చెప్పగలిగింది ఒకటే: తోకకప్పలు ఈదుతున్న మడిలో పురుగు నిజంగా నష్టం చేసే స్థాయికి చేరిందో లేదో చూసుకున్నాకే మందు ఆలోచించండి.

మన కప్పల గురించి మనకు తెలిసింది కూడా తక్కువే. దేశంలో నాలుగు వందలకు పైగా ఉభయచర జాతులున్నాయి. పరిశోధన ఎక్కువగా పడమటి కనుమల్లో జరిగింది. తూర్పు కనుమల వంతు ఇప్పుడిప్పుడే వస్తోంది. వానపాములా నేలలో పాకే, కాళ్లు లేని ఉభయచరాలు సిసిలియన్లు. వాటిలో ఒక కొత్త జాతిని తూర్పు కనుమల నుంచి 2013లో లోకానికి పరిచయం చేశారు. అలాంటిది తవ్వకంలో బయటపడితే పాము పిల్ల అనుకుని చంపేస్తున్నారు. అది కాటు వేసి ప్రాణం తీసేది కాదు, దయచేసి పక్కకు వదిలేయండి.

ఇంత నష్టం మధ్యన చేయదగ్గది ఏమైనా ఉందా అంటే ఉంది, ఋజువైంది కూడా. స్విట్జర్లాండులో ఆర్గావ్ అనే రాష్ట్రం ఉంది. రోడ్లు, ఊళ్లు, సేద్యం కిక్కిరిసిన చోటు. అక్కడ కప్పలు తగ్గిపోతుంటే 1999 నుంచి ఇరవై ఏళ్ల పాటు కొత్త కుంటలు తవ్వుకుంటూ పోయారు. మొత్తం 422. ప్రభుత్వ అధికారులూ, రైతులూ, స్వచ్ఛంద సంస్థలూ కలిసి చేసిన పని అది. ఏళ్ల తరబడి కార్యకర్తలు రాత్రిళ్లు కుంట కుంటకూ తిరిగి కప్పల్ని లెక్కపెట్టారు. చివరికి, గమనించిన 12 జాతుల్లో 10 జాతులు పుంజుకున్నాయి. ఒక లోయలో చెట్టుకప్ప ఉండే చోట్లు నాలుగింతలయ్యాయి. ఈ ఇరవై ఏళ్లలో అక్కడ రోడ్లు తగ్గలేదు, పురుగుమందు ఆగలేదు, భూమి వేడెక్కడం ఆగలేదు. నీళ్లు నిలిచే చోట్లు పెంచారు, అంతే.

మనకు తవ్వాల్సిన పని కూడా చాలాచోట్ల లేదు, ఉన్నవి పూడ్చకుండా ఉంటే సగం పని అయినట్లే. కుంటలతో సహా ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించమని 2011లోనే సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలూ జంతువులూ నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఎక్కడుందో అడగండి. అందులో కప్పల పేజీ తెరవండి. ఖాళీగా ఉంటే, వచ్చే మృగశిరకు ముందే ఊళ్లో ఉన్న ప్రతి కుంటకూ ఒక పేరో నంబరో పెట్టి రాయించండి. బడి పిల్లల్ని తీసుకుని వెళ్లండి. వాళ్ల కళ్లు మనకంటే చురుకైనవి. ఏ కుంటలో ఏ తేదీన నీళ్లు నిలిచాయి, గుడ్లు ఏ తేదీన కనిపించాయి, నీళ్లు ఏ తేదీన ఇంకాయి, అప్పటికి తోకకప్పలకు కాళ్లు వచ్చాయా లేదా. ఈ నాలుగు సంగతులు మూడు నాలుగేళ్లు వరసగా రాసి, సర్వే నంబరుతో సహా రిజిస్టరులో ఎక్కిస్తే, వానల తీరు మీ ఊళ్లో ఎలా మారుతోందో తెలుస్తుంది. రేపు ఆ కుంటలో పోయడానికి మట్టి లారీ వచ్చి నిలబడితే, ఇది బీడు కాదని చూపడానికి పంచాయతీ చేతిలో ఒక కాగితం కూడా ఉంటుంది.